పగులుతోందా, తుప్పు తినేస్తోందా? కార్బైడ్ గ్రేడ్ మార్చే ముందు ఇది తేల్చుకోండి

కార్బైడ్ పంచ్ (ప్రెస్‌లో షీటుకి రంధ్రం కొట్టే టూల్) విరిగితే మనలో చాలామంది చేసే మొదటి పని సప్లయర్‌కి ఫోన్ కొట్టి "ఇంకొంచెం టఫ్‌గా ఉండేది పంపండి" అనడం, అరిగిపోతే "ఇంకొంచెం హార్డ్‌ది పంపండి" అనడం. నేనూ చాలాకాలం అదే చేశా. ఒక్కోసారి పనయ్యేది, ఒక్కోసారి పాతదానికంటే కొత్తదే ముందు పోయేది, ఎందుకు పోయిందో మాత్రం ఎవరూ చెప్పేవాళ్లు కాదు. విరిగిన ముక్కని చెత్తలో పడేసి గ్రేడ్ మార్చడం అంటే గుడ్డెద్దు చేలో పడ్డట్టే. ఆ ముక్కలోనే సగం సమాధానం ఉంటుంది.

ఇక్కడ రాసేది అంతా ఆ దారిలోనే ఉంటుంది, ముందు టూల్ ఎలా చచ్చింది అన్నది చూడాలి, తర్వాత గ్రేడ్. ఏ కంపెనీ గ్రేడ్ మంచిది అని అడగకండి, దానికి నా దగ్గర జవాబు లేదు.

అసలు లోపల ఏముంది

హార్డ్ మెటల్ అన్నా, సిమెంటెడ్ కార్బైడ్ అన్నా, ఊరికే కార్బైడ్ అన్నా ఒకటే. టంగ్‌స్టన్ కార్బైడ్ గింజలు, వాటిని అంటిపెట్టి ఉంచే కోబాల్ట్. గోడలో ఇటుకలు, వాటి మధ్య అడుసు అనుకోండి. ఇటుక చాలా గట్టిది, కానీ పెళుసు. అడుసు మెత్తనిది, కానీ దెబ్బ తగిలితే కాస్త సాగి ఓర్చుకుంటుంది. 1923లో జర్మనీలో ఓస్రామ్ కంపెనీలో కార్ల్ ష్రోటర్ ఈ మిశ్రమానికి పేటెంట్ తీసుకున్నాడు, బల్బు ఫిలమెంట్ కోసం టంగ్‌స్టన్ వైరు లాగడానికి వజ్రపు డైలు వాడాల్సి వచ్చేది కదా, వాటికి బదులుగా ఏదైనా దొరుకుతుందా అని మొదలైన పని అది. తర్వాత క్రుప్ కంపెనీ దాన్నే విడియా అనే పేరుతో అమ్మింది, జర్మన్‌లో 'వజ్రంలా' అని ఆ మాటకి అర్థం. పేరు వల్లో ఏమో, అప్పట్నించీ అందరి దృష్టీ హార్డ్‌నెస్ మీదే ఉండిపోయింది.

కానీ ఫెటీగ్ (మళ్లీ మళ్లీ లోడ్ పడి అలసి పగలడం) వచ్చినా కొరోషన్ (తుప్పు) వచ్చినా మొదటి దెబ్బ ఎక్కువగా పడేది ఇటుక మీద కాదు, అడుసు మీద. అంటే బైండర్ మీద. హార్డ్‌నెస్ నంబర్ ఈ సంగతి మీకు చెప్పదు. 1600 హెచ్‌వీ (వికర్స్ హార్డ్‌నెస్ కొలత) ఉన్న రెండు ముక్కలు పక్కపక్కన పెడితే ఒకటి యాసిడ్ నీళ్లలో ఏళ్ల తరబడి ఉంటుంది, ఇంకోటి కొద్ది రోజుల్లో పైపొర వదులైపోతుంది, ఎందుకంటే ఒకదాంట్లో నికెల్ క్రోమియం ఉంది, ఇంకోదాంట్లో వట్టి కోబాల్ట్ ఉంది.

మీ చేతిలో ఉన్న మీటలు ముఖ్యంగా మూడు: బైండర్ ఎంత శాతం, గింజ ఎంత సైజు, బైండర్ ఏ లోహం. కోబాల్ట్ 6 శాతం, గింజ సుమారు 1 మైక్రాన్ అయితే హార్డ్‌నెస్ 1600 హెచ్‌వీ దగ్గర ఉంటుంది, అదే 6 శాతంతో గింజని సబ్‌మైక్రాన్ (మైక్రాన్ కంటే చిన్నది) చేస్తే 1800 దాకా వెళ్తుంది. 10 శాతం సబ్‌మైక్రాన్, అంటే మన డ్రిల్లులూ ఎండ్‌మిల్లులూ ఎక్కువగా చేసే రకం, మళ్లీ 1600 దగ్గర. 15 శాతం మీడియం గింజ అయితే 1150 నుంచి 1200, 25 శాతం అయితే 850 చుట్టుపక్కల. పగులుని ఆపే శక్తి, అదే కే వన్ సీ అంటారు కదా, దీనికి సరిగ్గా ఎదురు నడుస్తుంది: 10 శాతం సబ్‌మైక్రాన్‌కి 10 దగ్గర ఉంటే 15 శాతం మీడియంకి 15 దాటుతుంది, 25 శాతం ముతక గింజకి 20 పైన. ఇవన్నీ సుమారు లెక్కలే, ఒక్కో తయారీదారుడికి అటూ ఇటూ అవుతాయి.

ఫెటీగ్: ఎక్కువ కోబాల్ట్ అన్నిసార్లూ మందు కాదు

కార్బైడ్‌కి ఫెటీగ్ ఉండదు, అది పెళుసు మెటీరియల్, పగిలితే ఒక్క దెబ్బకే పగులుతుంది అనే మాట ఇప్పటికీ వింటుంటా. తప్పు. ఒక్క దెబ్బకి ఓర్చుకునే లోడ్‌ని పది లక్షల సార్లు కొడితే ఓర్చుకోదు, గ్రేడ్‌ని బట్టి, లోడ్ ఎలా తిరుగుతుందన్నదాన్ని బట్టి స్టాటిక్ బలంలో సగానికి అటూ ఇటూ పడిపోతుంది. పది లక్షలంటే చాలా పెద్ద నంబర్‌లా అనిపిస్తుంది కానీ నిమిషానికి 400 స్ట్రోకులు కొట్టే ప్రెస్ గంటకి 24,000, ఎనిమిది గంటల షిఫ్టుకి 1,92,000, అంటే ఆరో షిఫ్టు మొదలయ్యేసరికి పది లక్షలకి చేరువైపోతారు. ఒక వారం బాగా నడిచి ఉన్నట్టుండి విరిగిన పంచ్‌ని చూసి "ఆపరేటర్ ఏదో చేశాడు" అనే ముందు ఈ లెక్క ఒకసారి వేసుకోండి.

లోపల జరిగేది ఏంటంటే, ఎక్కడో ఒక చిన్న లోపం దగ్గర, అది సన్న రంధ్రం కావచ్చు, పెద్ద గింజ కావచ్చు, కోబాల్ట్ ఒకేచోట గుంపుగా చేరిన మడుగు కావచ్చు, అక్కడ పగులు మొదలవుతుంది. పగులు ముందుకి పోతుంటే వెనకాల కోబాల్ట్ తీగల్లా సాగి రెండు వైపుల్నీ కాసేపు పట్టి ఉంచుతుంది, కార్బైడ్‌కి ఉన్న టఫ్‌నెస్ అంతా దాదాపు ఆ పట్టు వల్లే. ఒక్క దెబ్బ అయితే ఆ తీగలు బాగా పనిచేస్తాయి. మళ్లీ మళ్లీ లోడ్ పడితే మాత్రం కోబాల్ట్ స్ఫటికం తీరే మారిపోతుంది, సాగే అమరిక నుంచి పెళుసు అమరికకి వెళ్లిపోతుంది, ఆ తీగలు పుల్లల్లా పుటుక్కున తెగుతాయి. అంటే కోబాల్ట్ ఎంత ఎక్కువ ఉంటే టఫ్‌నెస్ అంత ఎక్కువ, కానీ ఫెటీగ్‌లో పోగొట్టుకునేది కూడా అంత ఎక్కువే. డేటాషీట్‌లో కే వన్ సీ ఒకటిన్నర రెట్లు పెరిగినా, పగులు కదలడం మొదలయ్యే హద్దు అంతలా పెరగదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

ఇంకోటి, స్టీలులో పగులు మొదలయ్యాక చాలాకాలం మెల్లగా పాకుతుంది, మధ్యలో పట్టుకోవచ్చు. కార్బైడ్‌లో ఆ అవకాశం లేదనే అనుకోండి, పగులు పాకడం మొదలయ్యాక లోడ్ కాస్త పెరిగినా వేగం ఎన్నో రెట్లు పెరుగుతుంది, మిగిలిన ఆయుష్షు చాలా తక్కువ. అందుకే ఇక్కడ ఆట అంతా పగులు మొదలవకుండా చూసుకోవడమే.

మరి ఏది తీసుకోవాలి అంటే, ముందు మీ లోడ్ ఏ రకమో తేల్చండి. స్ట్రోకు స్ట్రోకుకీ ఒకే మాదిరి లోడ్, గైడింగ్ బాగుంది, షీటు పల్చన, కోట్లలో హిట్లు కావాలి అంటే సన్న గింజ, 10 నుంచి 12 శాతం కోబాల్ట్, లోపాలు లేని మెటీరియల్, అద్దంలా ఫినిష్ చేసిన పైపొర, ఇదే గెలుస్తుంది. దీనికి 20 శాతం గ్రేడ్ వేస్తే టఫ్ కదా అని సంతోషపడతారు కానీ అంచు తొందరగా మొండిపోతుంది, మొండిపోతే లోడ్ పెరుగుతుంది, పెరిగిన లోడ్‌తో ఫెటీగ్ ఇంకా ముందే వస్తుంది. అదే డబుల్ షీటు పడటం, మిస్‌ఫీడ్ అవడం, ప్రెస్ రామ్ ఊగడం, మందపాటి మెటీరియల్ తెగేటప్పుడు ధడేల్‌మని దెబ్బ రావడం, ఇలాంటి ఓవర్‌లోడ్లు మీ షాపులో మామూలైతే 15 శాతం మీడియం గింజకి వెళ్లండి, హార్డ్‌నెస్ పోతే పోయింది. కోల్డ్ హెడ్డింగ్ డైలకి 20 నుంచి 25 శాతం, ముతక గింజ, అందులో ఇక చర్చ అక్కర్లేదు.

టీఆర్ఎస్ (కడ్డీని వంచితే విరిగే బలం) నంబర్ చూసి మోసపోవద్దు. 10 శాతం సబ్‌మైక్రాన్‌కి వంపు బలం 3800, 4000 ఎంపీఏ (మెగాపాస్కల్) అని రాస్తారు, 15 శాతం మీడియంకి 2800, 3000 ఉంటుంది. చూడగానే మొదటిదే బలమైనది అనిపిస్తుంది. కానీ ఆ టెస్టు ఒక చిన్న కడ్డీ మీద, గీత లేకుండా గ్రైండ్ చేసి, ఒకే ఒక్కసారి వంచి చేసేది. మీ పంచ్ దానికంటే ఎన్నో రెట్లు పెద్దది, సైజు పెరిగే కొద్దీ లోపం దొరికే అవకాశమూ పెరుగుతుంది, పైగా మీ పంచ్ వైర్‌కట్ (కరెంటు తీగ స్పార్క్‌తో కోయడం) అయి వచ్చింది.

పంచ్ తల కింద రేడియస్ దగ్గరే విరుగుతోందా? అయితే గ్రేడ్ తప్పు కాకపోవచ్చు. షీటులోకి దిగేటప్పుడు పంచ్ మీద పడేది నొక్కుడు, కార్బైడ్ నొక్కుడిని 4000 ఎంపీఏ పైన కూడా తట్టుకుంటుంది. పైకి లాగేటప్పుడు స్ట్రిప్పింగ్ లోడ్ వల్ల లాగుడు వస్తుంది, ప్రతి స్ట్రోకుకీ నొక్కుడు, లాగుడు, నొక్కుడు, లాగుడు, ఈ తిరగబడటమే ఫెటీగ్‌కి బాగా ఇష్టమైన తిండి. అక్కడ రేడియస్ పెంచండి, పాలిష్ చేయండి, క్లియరెన్స్ చూడండి, ఆ తర్వాత గ్రేడ్ సంగతి. డై వైపు అయితే స్టీలు రింగులో ఇంటర్‌ఫియరెన్స్ ఫిట్ వేసి కార్బైడ్‌ని ముందే నొక్కి పెట్టడం అన్నిటికంటే పెద్ద మందు, లోపల ఒత్తిడి పెరిగినా కార్బైడ్ లాగుడులోకి వెళ్లదు. స్టీలు వేడికి కార్బైడ్ కంటే రెండింతల పైనే వ్యాకోచిస్తుంది, డై బాగా వేడెక్కే చోట ఆ పట్టు సడలుతుంది, ఇంటర్‌ఫియరెన్స్ లెక్క వేసేటప్పుడు ఆ వేడిని కూడా కలపాలి.

వేడి వల్ల వచ్చే ఫెటీగ్ వేరే కథ. మిల్లింగ్ ఇన్సర్ట్ అంచుకి అడ్డంగా దువ్వెన పళ్లలా వరుసగా పగుళ్లు కనిపిస్తే అది మెకానికల్ కాదు, థర్మల్. కట్‌లో ఉన్నప్పుడు కాలిపోతుంది, బయటికి రాగానే కూలెంట్ పడి చల్లబడుతుంది, ప్రతి తిప్పుకీ ఇదే. దీనికి టఫ్ గ్రేడ్ వెతకడం కంటే కూలెంట్ ఆపేసి గాలితో చిప్స్ ఊదేయడం చాలాసార్లు బాగా పనిచేస్తుంది, స్టీలు మిల్లింగ్‌లో అయితే ముఖ్యంగా. లేదా పోస్తే ఎడతెగకుండా దండిగా పోయండి. ఆగి ఆగి పిల్లాడికి పాలు పట్టినట్టు పోస్తే మాత్రం అన్నిటికంటే చెడ్డది.

కొరోషన్: ఇక్కడ శాతం కాదు, లోహం ముఖ్యం

కార్బైడ్ తుప్పు పట్టడం అంటే ఇనుములా ఎర్రగా పొరలు లేవడం కాదు, అందుకే చాలామంది గుర్తుపట్టరు. కోబాల్ట్ నీళ్లలోకి కరిగిపోతుంది, గింజల అస్థిపంజరం మాత్రం అలాగే నిలబడి ఉంటుంది, సైజు కొలిస్తే మారదు, మెరుపు పోయి పొడిబారిన బూడిదరంగు వస్తుంది. తర్వాత ఏదైనా రాసుకుంటే ఆ గింజలు ఇసుకలా రాలిపోతాయి. మీరు దాన్ని అరుగుదల అనుకుని ఇంకా హార్డ్ గ్రేడ్ తెప్పిస్తారు, అదీ అలాగే పోతుంది, ఎందుకంటే హార్డ్ గ్రేడ్‌లోనూ ఉన్నది అదే కోబాల్ట్.

టంగ్‌స్టన్ కార్బైడ్, కోబాల్ట్ తడిలో కలిసి ఉంటే అదొక చిన్న బ్యాటరీ లాంటిది, కరిగే వంతు కోబాల్ట్‌ది. మొత్తంగా పనికొచ్చే కొండగుర్తు ఇది: వట్టి కోబాల్ట్ గ్రేడ్లు పీహెచ్ 7 వరకే, అంతకంటే పులుపు అయితే నమ్మొద్దు. క్రోమియం లాంటివి కలిపిన ప్రత్యేక నికెల్ గ్రేడ్లు పీహెచ్ 2, 3 దాకా దిగుతాయి. టైటానియం కార్బైడ్ నికెల్ రకం పీహెచ్ 1 దాకా ఓర్చుకుంటుంది కానీ పెళుసు, వేడిని సరిగ్గా పంపించదు, గ్రైండ్ చేయడం కష్టం, బ్రేజింగ్ కష్టం, కాబట్టి నిజంగా వేరే దారి లేనప్పుడే.

పీహెచ్ 9 ఉన్న కూలెంట్‌లో కోబాల్ట్ సేఫ్ కదా అంటే, కాదు. అదే తిరకాసు. కొన్ని కూలెంట్లలో ఉండే ట్రైఇథనాలమైన్ లాంటి అమైన్లు కోబాల్ట్‌ని పట్టుకుని లాగేస్తాయి, పీహెచ్ ఎంత బాగున్నా సరే. కార్బైడ్ గ్రైండింగ్ మెషీన్లలో ఇది బాగా తెలిసిన సమస్య, కోబాల్ట్ కరగకుండా ట్రయజోల్ ఇన్హిబిటర్ ఉన్న కూలెంట్ వేరేగా అమ్ముతారు, దాన్నే వాడండి. ఇది టూల్ కోసం మాత్రమే కాదు, కోబాల్ట్ కలిసిన ఆ తుంపర, ఆ పొడి పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బుకి హార్డ్ మెటల్ పేరే పెట్టారు, ఎక్స్‌ట్రాక్షన్ ఫ్యాన్ లేకుండా కార్బైడ్ గ్రైండింగ్ దగ్గర కూర్చోవద్దు.

ఉప్పు నీళ్లూ అంతే, సముద్రపు నీటి పీహెచ్ 8 దగ్గర ఉంటుంది, అయినా క్లోరైడ్ వల్ల వట్టి కోబాల్ట్ దెబ్బతింటుంది. పచ్చి చెక్క కోసే రంపాల్లోనూ ఇదే జరుగుతుంది, చెక్కలోని టానిన్, ఆర్గానిక్ యాసిడ్లు, దానికి తోడు కోత దగ్గర వేడి, అంచు దగ్గర కోబాల్ట్ మెల్లగా మాయమై గింజలు రాలుతుంటాయి. చెక్క అంత మెత్తగా ఉన్నా కార్బైడ్ పన్ను ఎందుకు మొండిపోతుంది అని అడిగేవాళ్లకి సగం జవాబు ఇదే.

ఇక ఎంపిక. మధ్యరకం తడి, అప్పుడప్పుడు పులుపు, కానీ బలం కూడా కావాలి అంటే నికెల్‌కి దూకాల్సిన పనిలేదు, కోబాల్ట్‌లోనే క్రోమియం కలిపిన గ్రేడ్ అడగండి. సబ్‌మైక్రాన్ గ్రేడ్లలో గింజ పెరగకుండా క్రోమియం కార్బైడ్ కొద్దిగా వేస్తారు, ఆ క్రోమియం బైండర్‌లో కరిగి కొంత కొరోషన్ రక్షణ కూడా ఇస్తుంది, ఒక రకంగా ఉచితంగా వచ్చినట్టే. దాంతో సరిపోకపోతే కోబాల్ట్, నికెల్, క్రోమియం మూడూ కలిపిన బైండర్. అదీ సరిపోకపోతే నికెల్ క్రోమియం. పంపు సీల్ ముఖాలు, వాల్వు సీట్లు, యాసిడ్ లైన్లలో నాజిల్స్, వీటికి 6 శాతం చుట్టుపక్కల నికెల్ గ్రేడ్ మామూలే.

నికెల్ గ్రేడ్‌కి లోటు లేకపోలేదు, అదే శాతం కోబాల్ట్‌తో పోలిస్తే హార్డ్‌నెస్, బలం కొంచెం తక్కువ, సింటరింగ్ (పొడిని వేడిచేసి గట్టి ముక్కగా చేయడం) కూడా జాగ్రత్తగా చేయాలి కాబట్టి మంచి తయారీదారుడి దగ్గరే తీసుకోవాలి. కానీ నికెల్‌కి కోబాల్ట్‌లా స్ఫటికం మారే జబ్బు లేదు. ఇంకో షాపు సంగతి, పూర్తి నికెల్ గ్రేడ్‌కి సాధారణంగా అయస్కాంతం అంటదు, మాగ్నెటిక్ చక్ మీద పెట్టి గ్రైండ్ చేద్దామనుకుంటే ముక్క ఎగిరి ముఖానికి వస్తుంది, బిగించే ఏర్పాటు ముందే చూసుకోండి. దీంట్లో ఒక లాభం కూడా ఉంది, నికెల్ అని అమ్మిన ముక్కని గట్టి మాగ్నెట్ లాగితే అందులో కోబాల్ట్ ఉన్నట్టు అనుమానించొచ్చు. కోబాల్ట్, నికెల్ కలిపిన గ్రేడ్ కొన్నారా అయితే లాగడం తప్పు కాదు, ముందు ఏం కొన్నారో గుర్తు చేసుకుని గొడవ పెట్టుకోండి.

బైండర్ దాదాపు లేని కార్బైడ్ కూడా ఉంది, వాటర్‌జెట్ నాజిల్ గొట్టాలకి వాడతారు. కరిగేదే లేదు కాబట్టి కొరోషన్ భయం తక్కువ, అరుగుదల చాలా తక్కువ, కానీ గాజులా చూసుకోవాలి, దెబ్బ తగిలే చోటికి దాన్ని తీసుకురావద్దు. ఇంకా ఒక మాట, బాగా క్షారం ఉన్న ద్రావణాల్లో, అందులో కరెంటు కూడా కలిస్తే, ఈసారి కరిగేది కోబాల్ట్ కాదు టంగ్‌స్టన్ కార్బైడే, అక్కడ నికెల్ బైండర్ వేసినా ఇటుకని కాపాడదు.

రెండూ కలిస్తే

తడిలో లోడ్ తిరగబడుతుంటే, అంటే కొరోషన్ ఫెటీగ్, అప్పుడు పై రెండు భాగాలు విడివిడిగా చదివి తీసుకున్న నిర్ణయం పనికిరాదు. కోబాల్ట్ కరిగిన చోట ఏర్పడే సన్న గుంటే పగులుకి మొదలు, ఆ గుంట లేకపోతే పది లక్షల హిట్లు దాటే పంచ్, గుంట ఉంటే సగంలోనే పోతుంది. ఇలాంటి చోట నేను మొదట కొరోషన్ వైపే చూస్తా, బలం కొంచెం తక్కువైనా నికెల్ క్రోమియం లేదా క్రోమియం కలిపిన కోబాల్ట్, ఎందుకంటే పైపొర బాగుంటేనే బలం గురించి మాట్లాడుకోగలం. పైపొర పాడయ్యాక డేటాషీట్‌లో 4000 ఎంపీఏ రాసి ఉన్నా అది వేరే ముక్క గురించి రాసినట్టే.

ఈ రెండూ కలిసే చోటు చాలామందికి తెలియకుండానే వాళ్ల షాపులోనే ఉంటుంది, అదే వైర్‌కట్. నీళ్లలో, కరెంటుతో, కార్బైడ్ ముక్క గంటల తరబడి మునిగి ఉంటుంది, అంటే ఎలక్ట్రాలిసిస్‌కి కావాల్సినవన్నీ సిద్ధం. కోబాల్ట్ కరిగి పైపొర గుల్లబారుతుంది. దానికి తోడు స్పార్క్ వల్ల కరిగి మళ్లీ గడ్డకట్టిన పొర, దాంట్లో సన్న పగుళ్లు, లాగుడు స్ట్రెస్. అంటే ఫెటీగ్‌కి కావాల్సిన పగుళ్లు మెషీన్ ఎక్కకముందే తయారు. ఒకసారి ఒకే బ్లాకు నుంచి తీసిన రెండు పంచ్‌లు నా చేతికి వచ్చాయి, ఒకటి రఫ్ కట్‌తోనే వాడేశాం, ఇంకోటి మూడు నాలుగు స్కిమ్ కట్లు (పైపైన పల్చగా తీసే కోతలు) వేసి ల్యాపింగ్ చేశాం (సన్న పొడితో నున్నగా రుద్దాం), మొదటిది పోయాక కూడా రెండోది చాలాకాలం ఆడింది, గ్రేడ్ ఒకటే మరి. కాబట్టి గ్రేడ్ మీద తల బద్దలు కొట్టుకునే ముందు వైర్‌కట్ వాళ్లని అడగండి: యాంటీ ఎలక్ట్రాలిసిస్ పవర్ సప్లయి ఉందా, స్కిమ్ కట్లు ఎన్ని వేస్తున్నారు, రాత్రి కట్ అయిపోయాక ముక్కని తెల్లారేదాకా ట్యాంకులోనే వదిలేస్తున్నారా. వైర్‌కట్ బ్లాకులుగా అమ్మే కొరోషన్ తట్టుకునే గ్రేడ్లు ఉన్నాయి, ఎక్కువ గంటలు నీళ్లలో ఉండే పెద్ద డైలకి అవే తీసుకోవడం మేలు. డైమండ్ వీల్‌తో సరిగ్గా గ్రైండ్ చేసిన పైపొర దీనికి పూర్తిగా ఎదురు, అక్కడ నొక్కుడు స్ట్రెస్ మిగులుతుంది, పగులుని మూసి ఉంచుతుంది. వీలైన చోట గ్రైండింగే చేయించండి.

కోటింగ్ వేస్తే కొరోషన్ ఆగుతుంది కదా అని అడుగుతారు. పూర్తిగా ఆగదు. పీవీడీ (లోహాన్ని ఆవిరి చేసి అంటించే) కోటింగ్‌లో సూదిమొన రంధ్రాలు ఉంటాయి, ద్రవం అక్కడి నుంచే లోపలికి వెళ్లి కింద కోబాల్ట్‌ని తింటుంది, పైన బంగారు రంగు మెరుస్తూనే ఉంటుంది. ఫెటీగ్ విషయంలో మాత్రం పీవీడీ నయం, 400, 500 డిగ్రీల దగ్గర వేస్తారు, నొక్కుడు స్ట్రెస్‌తో కూర్చుంటుంది. సీవీడీ (గ్యాసుల రసాయన చర్యతో అంటించే రకం) 1000 డిగ్రీల దగ్గర వేసేది, చల్లారేటప్పుడు కోటింగ్‌లో సన్న పగుళ్లు వస్తాయి, ఎడతెగని టర్నింగ్‌కి పర్వాలేదు, దెబ్బలు తగిలే పనికి ఆలోచించాలి. రీ-కోటింగ్ చేయిస్తున్నారా, పాత కోటింగ్ తీయడానికి వాడే కెమికల్స్ కింద ఉన్న కోబాల్ట్‌నీ లాగేస్తాయి, ఆ పొర గ్రైండ్ చేసి తీయకుండా మీద కొత్త కోటింగ్ వేస్తే పెచ్చులుగా ఊడుతుంది. మరీ బండ దెబ్బలు పడే చోట కార్బైడ్ పట్టుకుని వేలాడకుండా పౌడర్ మెటలర్జీ హైస్పీడ్ స్టీలుకి వెళ్లడం కూడా ఒక ఎంపికే, త్వరగా అరుగుతుంది కానీ ఉన్నట్టుండి మోసం చేయదు.

ఆర్డర్ పెట్టేటప్పుడు

కే20 కావాలి అని ఆర్డర్ రాయకండి. కే10, కే20, పీ30 ఇవన్నీ ఏ పనికి అని చెప్పే ఐఎస్ఓ 513 కోడ్లు, లోపల ఏముందో చెప్పవు, ఇద్దరు తయారీదారుల కే20 కోబాల్ట్ శాతంలోనూ గింజలోనూ వేరుగా ఉండొచ్చు. బైండర్ ఏ లోహం, ఎంత శాతం, గింజ సైజు ఎంత, హెచ్‌వీ30 ఎంత, కే వన్ సీ ఎంత, క్రోమియం ఉందా లేదా, ఇవి రాతపూర్వకంగా అడగండి. పోరాసిటీ అడగండి, ఏ02 బీ00 సీ00 అని రాసి ఉంటే మంచిది, ఏ అంటే 10 మైక్రాన్ల లోపు రంధ్రాలు, బీ అంటే 10 నుంచి 25, సీ అంటే విడిగా మిగిలిన కార్బన్. ఫెటీగ్ పనికి సింటర్ హిప్ చేసిందా అని తప్పకుండా అడగాలి, ఒత్తిడిలో సింటర్ చేస్తే ఆ రంధ్రాలు మూసుకుంటాయి. "మా గ్రేడ్ అన్నిటికీ పనికొస్తుంది" అని చెప్పి నంబర్లు ఇవ్వనివాళ్లతో నేనైతే మాట్లాడటం అక్కడితో ఆపేస్తా.

వాళ్లకి మీరు పంపాల్సినవి కూడా ఉన్నాయి. విరిగిన ముక్కలు రెండూ, అతికించి చూడకుండా, పగిలిన ముఖాలు ఒకదానికొకటి రాసుకోకుండా విడివిడిగా చుట్టి పంపండి. స్టీలులో కనిపించినట్టు ఫెటీగ్ గీతలు కార్బైడ్‌లో కంటికి కనిపించవు, మామూలు పగులులాగే ఉంటుంది, అందుకే మొదలు ఎక్కడుందో చూడాలి, చిన్న భూతద్దం చాలు, గీతలన్నీ వెనక్కి పోయి ఎక్కడ కలుస్తున్నాయో అదే మొదలు. అది వైర్‌కట్ ముఖం మీద ఉందా, రేడియస్‌లో ఉందా, లోపల రంధ్రం దగ్గర ఉందా, మెరుపు పోయిన చోట ఉందా. దాంతోపాటు ఎన్ని హిట్లకి పోయింది, కూలెంట్ ఏంటి, పీహెచ్ ఎంత, ఆదివారం మెషీన్ ఆగినప్పుడు టూల్ తడిలోనే ఉందా, ఇవి ఒక కాగితం మీద రాసి ప్యాకెట్‌లో పెట్టండి.